సరిచేయాల్సింది నేలను, విమానాన్ని కాదు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో వచ్చే విమానాల ఫొటోల్లో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తోంది. ఒరిగిన ఫొటోను తిప్పి సరిచేయడం మంచిదే. కానీ చాలామంది విమానం పొడవునే కొలతగా పెట్టుకుని దాన్ని అడ్డంగా సర్దేస్తున్నారు. దాంతో నేల వాలిపోతోంది, వెనకున్న కంట్రోల్ టవర్ పక్కకు ఒరిగిపోతోంది. అది చూపుకు ఇబ్బందిగా ఉండటమే కాదు, జరగనిది జరిగినట్టు చూపిస్తుంది కూడా. ఫొటో డెస్కు వారికీ, ఫొటోలు పంపే పాఠకులకూ పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను.

దిగడానికి వస్తున్న పెద్ద జెట్ విమానం ముక్కు సాధారణంగా 2 నుంచి 5 డిగ్రీలు పైకెత్తి ఉంటుంది. గాల్లోకి లేచాక ఆ కోణం 15 డిగ్రీల దాకా పోతుంది. రెక్కలను నమ్ముకున్నా ఇంతే. పక్కగాలి బలంగా ఉన్నప్పుడు నేల తాకబోయే ముందు పైలట్ గాలి వచ్చే వైపు రెక్కను కాస్త దించుతారు. అలాంటి విమానాన్ని ఎదురుగా తీసి, ఎడిటింగులో రెండు రెక్కలనూ సమం చేశామంటే ఆ పైలట్ పడ్డ శ్రమంతా ఫొటోలోంచి మాయమవుతుంది.

నమ్మాల్సింది నిలువు గీతల్ని. టవర్ అంచు, భవనం మూల, దీపస్తంభం, ఏదైనా సరే ఫ్రేమ్ మధ్యకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. లెన్స్‌ను పైకెత్తి తీస్తే రెండు చివర్లలోని స్తంభాలు లోపలికి వాలినట్టు పడతాయి. అది లెన్స్ ఎత్తిన కోణం వల్ల వచ్చింది తప్ప ఫొటో ఒరగడం వల్ల కాదు. చివరి స్తంభాన్ని నిలబెట్టబోతే మధ్యలోది వంగుతుంది.

సముద్రం కనిపిస్తే నీరు ఆకాశాన్ని తాకే గీతను మించిన ఆధారం లేదు. కొండల వరస, చెట్ల చివర్లు అలా కాదు, వాటికి వాటి ఎత్తుపల్లాలున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది రన్‌వే అంచు. కెమెరా రన్‌వేకి సరిగ్గా లంబంగా లేకపోతే ఆ అంచు దూరం పోయే కొద్దీ పైకి లేస్తున్నట్టు పడుతుంది. పైగా రన్‌వేలు పూర్తి చదునుగా ఉండవు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పెద్ద రన్‌వేకి సగటున 1 శాతం దాకా వాలు ఉండొచ్చు, అంటే అర డిగ్రీ పైనే. రాత్రిపూట తడి నేల మీద తీసిన ఫొటో అయితే దీపాల ప్రతిబింబపు చారలు అక్కరకొస్తాయి. ఫ్రేమ్ మధ్యలో అవి నిట్టనిలువుగా దిగాలి.

ఇక పని వరస. ముందుగా లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ (లెన్స్ తెచ్చిన వంపుల్ని సరిచేసే సెట్టింగ్) వేయాలి. వైడ్ లెన్స్ సరళరేఖల్ని అంచుల దగ్గర వంచుతుంది. వంగిన గీతను కొలిస్తే వచ్చే కోణం తప్పే అవుతుంది. తర్వాత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో R నొక్కి క్రాప్ టూల్ తెరిచి, స్ట్రెయిటెన్ రూలర్‌తో టవర్ అంచు వెంట పైనుంచి కిందికి గీత లాగాలి. ఫొటోషాప్ క్రాప్ టూల్‌లో స్ట్రెయిటెన్, జింప్ మెజర్ టూల్‌లో అదే పేరున్న బటన్ ఈ పనే చేస్తాయి. గీత ఎంత పొడవుగా ఉంటే లెక్క అంత కచ్చితం. పొట్టి స్తంభం మీద గీస్తే చేయి రెండు పిక్సెళ్లు జరిగినా కోణం మారిపోతుంది. ఆ వెంటనే వేరే చోట ఇంకో నిలువు గీతతో సరిచూసుకోవాలి. రెండింటికీ పొత్తు కుదరకపోతే ఫ్రేమ్ మధ్యకు దగ్గరున్నదాన్నే నమ్మాలి. ఆటో బటన్‌ను మాత్రం విమానాల విషయంలో నమ్మవద్దు. ఫొటోలో బలమైన గీత ఏదైతే దాన్నే అది పట్టుకుంటుంది. చాలాసార్లు ఆ గీత కిటికీల వరసో, రెక్క అంచో అయి కూర్చుంటుంది.

అర డిగ్రీయే కదా అని వదిలేయకూడదు. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో అర డిగ్రీ అంటే ఈ చివరకీ ఆ చివరకీ 52 పిక్సెళ్ల తేడా. వెనక సముద్రమో పొడవాటి టెర్మినల్ కప్పో ఉంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

తిప్పడానికి మూల్యం ఉంది. 3:2 ఫొటోను 1 డిగ్రీ తిప్పి, మూలల్లో ఖాళీ లేకుండా అదే నిష్పత్తిలో కత్తిరిస్తే దాదాపు 5 శాతం పోతుంది, 3 డిగ్రీలైతే 14 శాతం. ఫ్రేమ్ నిండా విమానం ఉంటే పోయేది రెక్క చివరో తోకో అవుతుంది. అందుకే తీసేటప్పుడే చుట్టూ చోటు వదలాలి. ఖాళీ మూలల్ని సాఫ్ట్‌వేర్ పుట్టించిన ఆకాశంతో నింపడం వార్తా చిత్రానికి పనికిరాదు. తిప్పడం ఒక్కసారే, అదీ రా ఫైల్ (కెమెరా నేరుగా రాసిన మూల ఫైల్) మీద జరగాలి. జేపెగ్‌ను తిప్పి సేవ్ చేసి మళ్లీ తిప్పితే ప్రతిసారీ పిక్సెళ్లు కొత్తగా లెక్కకట్టబడి, తోక మీది రిజిస్ట్రేషన్ అక్షరాలు మసకబారతాయి. షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) అన్నిటికన్నా చివర.

వెనక ఆకాశం తప్ప ఏమీ లేకపోతే? గుంపు మేఘాల అడుగులు చదునుగా ఉంటాయి కాబట్టి అవి కొంత దారి చూపుతాయి. అవీ లేకపోతే కెమెరాలో పడ్డట్టే ఉంచడం మేలు.

కిటికీలోంచి తీసిన ఫొటోల సంగతి వేరు. విమానం మలుపు తిరుగుతుంటే హొరైజన్ (నేల, ఆకాశం కలిసే గీత) బాగా ఒరిగి కనిపించవచ్చు. సరిగ్గా నడిపిన మలుపులో మన బరువు తిన్నగా క్యాబిన్ నేల మీదికే పడుతుంది కనుక ఫోన్‌లోని లెవెల్ సున్నా చూపిస్తూనే ఉంటుంది. అక్కడ ఒరుగు తప్పు కాదు, మలుపుకు సాక్ష్యం. దాన్ని సరిచేయకుండా, మలుపులో తీసినదని ఫొటో కింద ఒక మాట వేస్తే చాలు.

ఒక వినతి. ఫొటోలు పంపేవారిని కత్తిరించని అసలు ఫైలే పంపమని అడగండి. ఫోన్‌లో ఒకసారి తిప్పి అంచుల దాకా కోసిన ఫొటో వస్తే, డెస్కులో ఎంత నేర్పున్నవారికైనా మళ్లీ తిప్పడానికి చోటు ఉండదు.

ఇట్లు,
విమానాల ఫొటోలు ఎడిట్ చేసే ఒక పాఠకుడు