కుండ బొమ్మకి 47

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి నవ్వేశాను గానీ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. "ఇరవై ఏళ్లు యాడ్ ఏజెన్సీలో బొమ్మలేసి బతికినవాణ్ణి, ఇప్పుడు బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) పిల్లలకి పాఠం చెప్పమంటున్నారు. పాఠమంటే ఏదో ఒకటి చెప్తాను, మార్కులెలా వెయ్యాల్రా?" అన్నావు. ఇన్నేళ్ల నుంచీ వేస్తున్నాను కదా, నన్నడిగితే తెలుస్తుందనుకున్నావు. నిజం చెప్పనా? ప్రతి ఏడాదీ ఫైనలియర్ డిస్‌ప్లే, అదే పిల్లల బొమ్మలన్నీ పెట్టి మార్కులేసే రోజు, అయ్యాక నాకు రెండు రోజులు అన్నం సహించదు.

మనకెలా వేశారో గుర్తుందా? ఫస్టియర్ స్టిల్ లైఫ్. ఓ మట్టికుండ, రెండు ఉల్లిపాయలు, వెనకాల మడతలు పడ్డ ఆకుపచ్చ గుడ్డ. ఆ ఉల్లిపాయలు నాలుగో రోజుకి మొలకెత్తాయి, మనం మొలకల్ని కూడా వేశాం. సార్ వచ్చి బోర్డులన్నీ గోడకి ఆనించమన్నారు. చేతులు వెనక్కి పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి నడిచారు. పెన్సిలు తీసి కాగితం వెనక అంకె వేసి వెళ్లిపోయారు. నాకు 62, నీకు 47. ఎందుకు 62, ఎందుకు 47 అని అడిగే దమ్ము మనకి లేదు, చెప్పే ఓపిక ఆయనకి లేదు. నువ్వు వారం రోజులు బ్రష్షు పట్టలేదు.

ఇప్పుడలా కాదులే. ఇప్పుడు ప్రతిదానికీ ఫారం ఉంది. కోర్సు అవుట్‌కమ్ (ఒక్కో పేపరు ఏం నేర్పాలో), ప్రోగ్రాం అవుట్‌కమ్ (డిగ్రీ మొత్తం ఏం నేర్పాలో), రెండిటికీ సంబంధం ఎంతో 1, 2, 3 అంకెలతో చెప్పే ఓ గళ్ల పట్టిక. కాలేజీల నాణ్యత తనిఖీ చేసే న్యాక్ వాళ్లొచ్చే ఏడాదైతే ఆ పట్టికల కోసం మేం రాత్రిళ్లు కాలేజీలోనే పడుకుంటాం. "లైఫ్ డ్రాయింగ్ పేపరు పర్యావరణ స్పృహకి ఎంత తోడ్పడుతుంది?" అని గడి ఉంటుంది. మోడల్‌గా కూర్చున్న తాతని చూస్తే ఏ పర్యావరణం గుర్తొస్తుందిరా? 1 వేసి ముందుకెళ్తాం. అలాగని వెక్కిరించి వదిలేయలేను కూడా. నాలుగేళ్లు ఫీజు కట్టిన తండ్రికి, మీవాడికి ఏం వచ్చిందో ఇదిగో అని చూపించాలి కదా. అడగడం తప్పు కాదు. ఆ గళ్లలో జవాబు దొరక్కపోవడమే చిక్కు.

అసలు చిక్కు ఎక్కడుందో ఈ ఏడాది డిస్‌ప్లే సంగతి చెప్తే నీకే తెలుస్తుంది. పెయింటింగ్‌లో 28 మంది. ఎక్స్‌టర్నల్, అదే బయటి నుంచి మార్కులెయ్యడానికి వచ్చే ఎగ్జామినరు, పదకొండున్నరకి దిగాడు, మూడింటికి రైలు. మధ్యలో భోజనం, పెరుగన్నం దగ్గర కాస్త ఆలస్యం. లెక్క వేసుకో, పిల్లాడికి ఆరు నిమిషాలు కూడా రాలేదు.

ఒక కుర్రాడు ముసలమ్మ పోర్ట్రెయిట్ పెట్టాడు. ఐదడుగుల కాన్వాస్. ముడతలు, ముక్కుపుడక మీద మెరుపు, చెవి వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఎక్స్‌టర్నల్ అక్కడ ఆగి సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. 81. పక్కనే ఒకమ్మాయి కాన్వాస్. వాళ్ల ఊరి చెరువు ఎండిపోయాక బయటపడిన పాత మెట్లు. రంగులు కలిసిపోయి బురదైపోయింది, కింద ఎడమ మూల ఖాళీగా వదిలేసింది. 54.

సాయంత్రం ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ఎవర్రా ఈ ముసలమ్మ? నెట్‌లో దొరికింది సార్. ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీద పడేసి గీసుకున్నాను. అందులో నాకేం అభ్యంతరం లేదు, పెద్ద పెద్దవాళ్లు చేశారు. మరి వెలుతురు ఎడమ నుంచే ఎందుకు? ఫొటోలో అలాగే ఉంది సార్. వాడి చెయ్యి బంగారమే, కాదనను. కానీ ఆ చెయ్యితోనే వాడు ఫస్టియర్‌లోకి వచ్చాడు. నాలుగేళ్లలో మేం వాడికి ఒక్క సందేహమైనా కలిగించలేకపోయాం. ఆ 81లో మా కాలేజీ వాటా ఎంత?

ఆ అమ్మాయి దగ్గర మూడు స్కెచ్ బుక్కులున్నాయి. చెరువు మెట్లని పదిహేడు రకాలుగా వేసి చూసుకుంది. ఒక పేజీలో "ఇక్కడ ముదురు రంగు వేస్తే మెట్టు ముందుకొచ్చేస్తోంది, వెనక్కి పోవాలంటే?" అని రాసుకుంది. తర్వాతి నాలుగు పేజీలు ఆ ఒక్క ప్రశ్నతోనే పెనుగులాట. పెద్ద కాన్వాస్ మీదకెళ్లేసరికి అది లొంగలేదు, ఓడిపోయింది. ఓడిందని తనకి తెలుసు, ఎక్కడ ఓడిందో వేలుపెట్టి చూపించింది. ఆ స్కెచ్ బుక్కులు టేబుల్ మీదే ఉన్నాయి మామా. ఎవరూ తెరవలేదు.

అందుకే నేనొక పని మొదలుపెట్టాను, నువ్వూ చెయ్యి. ఫస్టియర్ పిల్లలు వచ్చిన మొదటి వారంలోనే, ఏమీ నేర్పకముందు, కాలి చెప్పు విప్పి ముందు పెట్టుకుని బొమ్మ వెయ్యమంటాను. గంట టైము, మార్కుల్లేవు. అవన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తాను. ఎనిమిదో సెమిస్టర్‌లో మళ్లీ అదే గంట, మళ్లీ చెప్పే. రెండూ పక్కపక్కన పెట్టి వాళ్లనే చూసుకోమంటాను. ఈ చెరువమ్మాయి మొదటి చెప్పు పూరీలా ఉంది, చుట్టూ ఒకే మందంలో గీత. నాలుగేళ్ల తర్వాత వేసిన హవాయి చెప్పులో బొటనవేలు ఒత్తి ఒత్తి పడ్డ గుంట ఉంది. మడమ ఒకవైపే అరిగింది. పట్టీ తెగితే పెట్టుకున్న పిన్నీసు వంకర తిరిగింది. ముసలమ్మ కుర్రాడి రెండు చెప్పులూ చక్కగానే ఉన్నాయి, ఏది ముందుదో ఏది తర్వాతదో తేదీ చూస్తే గానీ తెలియలేదు.

ఇందులోనూ అన్యాయముందిలే. బాగా వచ్చినవాడు ఎక్కువ ఎదిగినట్టు కనపడడు, ఏమీ రానివాడు మొక్కలా ఎదిగినట్టు కనపడతాడు. అందుకని దీనికి మార్కులు వెయ్యను. చూస్తానంతే.

ప్రింట్‌మేకింగ్ వాళ్లది ఈ విషయంలో అదృష్టం. ఎచింగ్ అంటే లోహపు ప్లేటు మీద గీసి, యాసిడ్‌లో ముంచి, ఆ గీతలతో అచ్చు తీయడం. ఎంతసేపు ముంచితే అచ్చులో అంత నలుపు. పని ఒక్కో దశకి వచ్చినప్పుడల్లా ఓ ప్రూఫ్ (పరీక్ష అచ్చు) తీస్తారు కదా, ఆ ప్రూఫులు వరసగా పేరిస్తే పిల్లాడి ఆలోచన ఎటు నడిచిందో కాగితం మీదే కనపడుతుంది. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒకడు తాటిచెట్టు మొదలు వేశాడు. వైవాలో, అదే నోటి పరీక్షలో, ఎక్స్‌టర్నల్ ఇంగ్లీషులో కాన్సెప్ట్ ఏమిటని అడిగాడు. వీడు నేలచూపులు. నేనే కలగజేసుకుని, తెలుగులో చెప్పరా, మీ ఇంట్లో మాట్లాడినట్టే చెప్పు అన్నాను. అప్పుడు మొదలుపెట్టాడు: "మా నాయిన తాళ్లు గీస్తడు సార్. మోకు రాసుకున్న కాడ చెట్టు నున్నగైతది. ఆడ 30 సెకన్లే ముంచిన. పక్కన బెరడు గరుకుంటది, దానికి ఏడు నిమిషాలు. నల్లగున్న పగులుకి ఇరవై." గది నిశ్శబ్దమైపోయింది. మెటీరియల్, పద్ధతి, చూపు, బతుకు నాలుగూ ఆ నాలుగు మాటల్లో ఉన్నాయి. నేను కల్పించుకోకపోతే వాడికి "కమ్యూనికేషన్" గడిలో సున్నా పడేది. మన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ సొంతూరు నిజాంపూర్ నుంచి బరోడా వెళ్లి ఎచింగ్ ప్లేటు మీదకి తెలంగాణ పల్లెని ఎక్కించాడే, ఆ పల్లె ఇంగ్లీషులో వైవా చెప్పి ఎక్కిందా?

ఇక "ఒరిజినాలిటీ: 10 మార్కులు" అనే గడి. ఒరిజినాలిటీ ఆరున్నర అంటే ఏమిట్రా? ఆరూ ఏడూ మధ్య ఏం తేడా? ఎల్.ఎల్. థర్‌స్టన్ అనే అమెరికన్ 1927లోనే ఓ కిటుకు చెప్పాడు. ఒక వస్తువుకి విడిగా అంకె వెయ్యమంటే మనుషులు తడబడతారు, రెండు పక్కన పెట్టి ఏది ఎక్కువ అని అడిగితే గట్టిగా చెప్తారు. అలాంటి జతలు చాలా పోల్చి వరస కట్టొచ్చు, స్కేలు తయారుచేయొచ్చు. పోయినేడాది మేం ముగ్గురం సెకండియర్ కాంపోజిషన్లతో అలా చేశాం. విడివిడిగా మార్కులు వేసినప్పుడు ఒకే బొమ్మకి 48, 65, 71 వచ్చాయి. జతలు పెట్టి చూస్తే గొడవపడింది నాలుగైదు చోట్లే. ఆ గొడవలే అసలు పాఠం, పిల్లల్ని కూడా పిలిచి వినమన్నాం. ఆ వరసని మళ్లీ వందకి మార్చి రిజిస్టర్‌లో ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది, అది వేరే సంగతి.

ఇంకొకటి చదివి భయపడ్డాను. టెరెసా అమబిలె అనే సైకాలజిస్టు 1979లో కాలేజీ అమ్మాయిల చేత కొలాజులు చేయించింది. కొందరికి, మీ పనిని ఆర్టిస్టులు చూసి తీర్పు చెప్తారని ముందే చెప్పింది. మిగతావాళ్లకి చెప్పలేదు. చివరికి తీర్పు మాట విన్నవాళ్ల కొలాజుల్లోనే సృజన తక్కువని తేలింది. ఒక్క గుంపుకి మాత్రం అలా కాలేదు, ఏం చేస్తే సృజన అనిపించుకుంటుందో ముందే విడమర్చి చెప్పినవాళ్లకి. దీన్ని మనం ఎటైనా తిప్పుకోవచ్చు. ఏం కావాలో రబ్రిక్‌లో (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టీలో) స్పష్టంగా రాసిస్తే పిల్లలు అది అచ్చంగా చేసుకొస్తారు, మార్కులొస్తాయి. కానీ అది వాళ్ల సృజనా, నా రబ్రిక్ సృజనా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ప్రస్తుతానికి ఫస్టియర్‌లో స్కిల్ పేపర్లకి రబ్రిక్ విడమర్చి ఇస్తున్నాను, పర్‌స్పెక్టివ్ తప్పైతే తప్పే కదా. థర్డియర్ నుంచి ఒకటే చెప్తున్నాను: స్కెచ్ బుక్ తెచ్చి, ఎక్కడ మనసు మార్చుకున్నావో మూడు చోట్లు చూపించు. ఎందుకు మార్చుకున్నావో చెప్పు. ఇంటర్నల్ మార్కుల్లో సగం దానికే. ఫైనల్ ముక్క బాగా రాకపోయినా ఆ సగం పోదు. మా హెడ్డుకి ఇది నచ్చలేదు, "వాదించడం నేర్పుతున్నావు" అన్నాడు. అవును, అదే నేర్పుతున్నాను.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావుని కుర్రాడిగా ఉన్నప్పుడే గుర్తించిన కూల్డ్రే దొర ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలు, డ్రాయింగ్ మాస్టారు కాదు. ఏ గళ్ల పట్టిక చూసి గుర్తుపట్టాడు చెప్పు? తానూ బొమ్మలు వేసేవాడు, కుర్రాడు వేసినవి చూశాడు, బొంబాయి జేజే ఆర్ట్ స్కూలు వైపు నడిపించాడు. అయితే ఒకటుందిలే, ఆయనకి 28 మంది లేరు, మూడింటికి రైలు లేదు.

నువ్వు చేరేది జూలైలోనే కదా? మొదటి వారం చెప్పుల సంగతి మర్చిపోకు. కాగితాల వెనక తేదీ పిల్లల చేతే రాయించు, నువ్వు రాస్తే కలిసిపోతాయి. బీరువా తాళం క్లర్కుకి ఇవ్వకు, మా దగ్గర ఒక బ్యాచ్ మొత్తం పాత పేపర్లతో కలిసి తూకానికి పోయింది.

అన్నట్టు, అటక సర్దుతుంటే నీ కుండ దొరికింది. హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు నా ట్రంకులో పడ్డట్టుంది. ఉల్లిపాయ మొలకలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నిజంగా చెప్తున్నాను, గుడ్డ మడత నువ్వు వేసినట్టు మన బ్యాచ్‌లో ఇంకెవడూ వెయ్యలేదు. వెనక 47 చెరిపేద్దామని రబ్బరు తీశాను గానీ, నీ సొమ్ము కదా అని ఆగాను. వచ్చినప్పుడు తీసుకెళ్లు.

మీ ఆవిడని అడిగానని చెప్పు.

నీ 62