మూడు జతల బుష్‌లు చిరిగాక మాకు తెలిసొచ్చింది

నమస్కారం. పాత ఎస్‌యూవీని ఇంటి దగ్గరే సొంతంగా చూసుకుంటూ, పార్టుల కోసం మా షాపుకి వచ్చే మీ అందరికీ ఇది రాస్తున్నాను. ఈ నెల నుంచి మేము పార్టులు అమ్మే పద్ధతి మారుతోంది. ఎందుకు మారుతోందో చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మీలాంటి కస్టమర్ ఒకాయన ఉన్నారు. ఆయన బండికి పదిహేనేళ్లు దాటాయి. ముందు వైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకి కలిపే కింది చెయ్యి) బుష్‌లు, అంటే ఆ చెయ్యి కదిలే చోట ఉండే రబ్బరు కీళ్లు, మా దగ్గర తీసుకెళ్లి స్వయంగా వేసుకున్నారు. ఐదు నెలలకే రబ్బరు చిరిగిందని తెచ్చి చూపించారు. తయారీలో లోపం అనుకుని జత మార్చి ఇచ్చాను. అవి కూడా చిరిగాయి. ఈసారి మాత్రం, ప్రెస్ చేయడంలో మీరే ఏదో తేడా చేసి ఉంటారని ఆయన మొహం మీదే అన్నాను. మూడో జత కూడా పోయిందని ఫోన్ చేసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. నాలుగో జత నేనే పట్టుకెళ్లి, ఆయన పని చేస్తుంటే పక్కన నిలబడి చూశాను.

ఆయన పనికి వంక పెట్టడానికి లేదు. చక్రాలకి అడ్డం పెట్టారు, ఫ్రేము కింద స్టాండ్లు పెట్టారు, బుష్‌ని ప్రెస్ టూల్‌తో తిన్నగా దింపారు. ఆ తర్వాత ఆర్మ్‌లు కిందికి వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశారు. చిరగడానికి కారణం అదే.

సస్పెన్షన్ బుష్ అంటే బయట ఒక గొట్టం, లోపల ఒక గొట్టం, రెండింటికీ గట్టిగా అతుక్కుని మధ్యలో రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఫ్రేముకి పట్టేసి ఇక కదలదు. బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు పైకీ కిందికీ తిరుగుతుంది. ఆ తేడా మొత్తం రబ్బరే మెలి తిరిగి భరిస్తుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరుకి అదే మామూలు స్థితి అయిపోతుంది. బండిని నేల మీదికి దించగానే రబ్బరు మెలి పడుతుంది, బండి ఊరికే ఆగి ఉన్నా ఆ మెలి పోదు. గుంటలో పడినప్పుడల్లా దాని మీద ఇంకో మెలి. అలా ఏళ్ల తరబడి నడవాల్సిన బుష్ నెలల్లో చిరుగుతుంది. బోల్టుని ముందు వదులుగానే ఉంచి, బండిని చక్రాల మీదికి దించి, రెండు మూడు సార్లు గట్టిగా ఊపి, బరువంతా చక్రాల మీద ఉండగా బిగించాలి. ఉన్న కిటుకల్లా ఇంతే.

ఈ మాట కంపెనీ పెట్టెలో చీటీ మీద ఉంటుంది. మేము పెద్ద పెట్టెలు తెప్పించి, విడివిడిగా కవర్లలో పెట్టి అమ్మాం. చీటీలు మా దగ్గరే చెత్తలోకి వెళ్లాయి. ఇంకో మాట కూడా దాచను. తిరిగొచ్చి మా రిపేరు షెడ్డు కుర్రాళ్లని అడిగితే, పని ఒత్తిడి ఉన్న రోజుల్లో వాళ్లూ చక్రాలు గాలిలో ఉండగానే బిగించేసిన సందర్భాలు ఉన్నాయని తేలింది. అంటే నేను ఆయన్ని అన్న మాట మాకే తగలాలి. ఆయన్ని కలిసి క్షమించమని అడిగాను. బుష్‌లకి ఆయన కట్టిన డబ్బంతా వెనక్కి ఇచ్చాను.

పార్టు ఒక్కటే చేతిలో పెట్టి, బిగించే పద్ధతి చెప్పకపోతే సగం సరుకే అమ్మినట్టు. కాబట్టి ఇక నుంచి సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్‌కి సంబంధించిన ఏ పార్టుతో అయినా మీ బండి మోడల్‌కి తగ్గ టార్క్ విలువలు (ఏ బోల్టుని ఎంత బలంగా బిగించాలో చెప్పే అంకెలు), బిగించే వరస తెలుగులో ముద్రించిన కాగితం ఇస్తాం. అడగక్కర్లేదు, కవర్‌లోనే ఉంటుంది. ఆ కొలతకి బిగించే టార్క్ రెంచ్ లేనివాళ్లకి రెండు రోజుల పాటు మాది ఇస్తాం, అద్దె వద్దు. చక్రం నట్లు కూడా దాంతోనే బిగించండి. నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూడండి.

రెండో మార్పు: మీరు పార్టు అడగ్గానే బిల్లు వేయం, ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాం. దయచేసి విసుక్కోవద్దు. వెనక యాక్సిల్ ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగు) సంగతే చూడండి. ఆర్నెల్లకోసారి సీల్ కొనుక్కెళ్లేవాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్ల బండ్లలో సీల్ బాగానే ఉంది, బ్రీతర్ మూసుకుపోయింది. యాక్సిల్ హౌసింగ్ పైన చిన్న మూతలాగానో, సన్నటి గొట్టంలాగానో ఉంటుంది అది. బండి నడిచి ఆయిల్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బయటికి పోవడానికి ఉన్న దారి బ్రీతరే. అది మట్టితో మూసుకుపోతే గాలి ఆయిల్‌ని సీల్ అంచు నుంచి బయటికి తోస్తుంది. కొత్త సీల్ వేసినా అదే జరుగుతుంది. నీళ్లలోంచి బండి వెళ్తే ఇంకో ప్రమాదం ఉంది. వేడి హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది, బ్రీతర్ మూసుకుపోయి ఉంటే సీల్ పక్క నుంచి నీళ్లనే లాక్కుంటుంది. ఆయిల్ పాలలాగా తెల్లగా కనిపిస్తే నీళ్లు చేరినట్టే. కాబట్టి సీల్ అడిగితే, బ్రీతర్ చూశారా అని మేము ముందు అడుగుతాం. చాలాసార్లు దాన్ని విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది. అలా మా సీళ్ల అమ్మకం తగ్గితే తగ్గనివ్వండి.

డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ ఇంట్లో మార్చేవాళ్లు ముందు నింపే ప్లగ్గు విప్పండి, అది ఊడి వచ్చాకే కింది ప్లగ్గు ముట్టుకోండి. ఆయిలంతా కార్చేశాక పై ప్లగ్గు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

బ్రేక్ ఆయిల్ గురించి కూడా అడుగుతాం. డబ్బాలో లెవెల్ తగ్గిందని సీసా కొనుక్కెళ్లి పోసేవాళ్లు చాలామంది. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే కాలిపర్ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది. లెవెల్ మెల్లగా తగ్గడానికి మామూలు కారణం అదే. ఒక్కసారిగా తగ్గితే లీకు ఉన్నట్టు. కాబట్టి ముందు ప్యాడ్లు చూడండి. 3 మిల్లీమీటర్లకి వచ్చి ఉంటే మార్చాల్సింది ప్యాడ్లే. పైన పోస్తూ పోయి, తర్వాత కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లు వెనక్కి నొక్కితే ఆయిల్ పొంగి ఇంజిన్ గదిలో రంగంతా తినేస్తుంది. ఇంకోటి, ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. నీటి శాతం 3.7కి చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే, పెడల్ నేల దాకా దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. ఎప్పుడో మూత తీసిన సీసా ఇంట్లో ఉంటే వాడొద్దు.

స్కానర్ పెట్టుకుని, బండి కంప్యూటర్ చూపించే లోపం కోడ్ చూసి పార్టు అడిగేవాళ్లకి ఒక మాట. కోడ్ చెప్పేది లక్షణం. ఏ పార్టు మార్చాలో అది చెప్పదు. పీ0420 వస్తే, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని అనుకుంటారు, సైలెన్సర్ పైపులో లీకు ఉన్నా, సెన్సర్ తప్పు చూపించినా అదే కోడ్ రావచ్చు. అంత ఖరీదైన పార్టు కొనేముందు బండి ఒకసారి తీసుకురండి, చూసి చెప్తాం.

కొన్ని మాత్రం ఇంట్లో వేసుకోవడానికి ఇక అమ్మం. స్ట్రట్ (స్ప్రింగుతో కలిసి ఉండే షాక్ అబ్జార్బర్) మీద కాయిల్ స్ప్రింగులు, ఎయిర్‌బ్యాగ్ పార్టులు, కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఒకే గొట్టం) డీజిల్ హై ప్రెషర్ పైపులు. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మనిషి ప్రాణం పోవచ్చు. కామన్ రైల్‌లో ప్రెషర్ 1000 బార్ దాటుతుంది, ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపు వదులు చేస్తే సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకెళ్తుంది. పైకి చిన్న సూది గుచ్చినంతే కనిపిస్తుంది గానీ వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. మీకు చేతకాదని నేను అనడం లేదు. మీలో కొందరు మా కుర్రాళ్ల కంటే ఓపికగా పని చేస్తారు. అయినా ఈ మూడింటి విషయంలో నా మనసు ఒప్పుకోవడం లేదు.

జాకీ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. జాకీ బండిని లేపడానికి మాత్రమే, మోయడానికి స్టాండ్లు కావాలి. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వాటినే గాలిలోకి లేపితే బండిని ఆపే బ్రేకే ఉండదు. గేరులో పెట్టాం కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. ఒక చక్రం పైకి లేస్తే డిఫరెన్షియల్ దాన్ని ఒక వైపుకి తిరగనిచ్చి, నేల మీద ఉన్న రెండో చక్రాన్ని వదిలేస్తుంది. నేల మీద ఉండే చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టాకే జాకీ ముట్టుకోండి. స్టాండ్ల మీద పెట్టాక బండిని ఒకసారి తోసి చూసి, తర్వాతే కిందికి దూరండి.

చివరగా, గత ఏడాది కాలంలో మా దగ్గర సస్పెన్షన్ బుష్‌లు కొన్నవాళ్లు ఈ వారంలోనే ఒక పని చేయండి. టార్చి పట్టుకుని రబ్బరు చూడండి. చిరగకపోతే కొత్తవి కొనొద్దు. బండి సమతలం మీద, నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే బోల్టు వదులు చేసి, బండిని ఊపి, మళ్లీ టార్క్‌కి బిగించండి. బోల్టు దగ్గర అలైన్‌మెంట్ (చక్రాల కోణం) సరిచేసే క్యామ్ వాషర్ ఉంటే, విప్పే ముందే సుద్దతో గుర్తు పెట్టుకోండి, పని అయ్యాక అలైన్‌మెంట్ చూపించండి. కొన్ని మోడళ్లలో ఆ బోల్టులు ఒకసారికే పనికొస్తాయి, మీది అలాంటిదో కాదో ఫోన్ చేస్తే చెప్తాం. రబ్బరు అప్పటికే చిరిగి ఉంటే బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, పాతవి తీసుకురండి, కొత్త జత ఇస్తాం. ఈసారి కాగితంతో పాటు.