సెట్టు పోలేదండీ, వైరు పోయింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో నేవీ వాళ్ల తెరచాప పడవ తారిణి మీద వేసిన వ్యాసం చదివాను, బాగుంది. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో భూమి చుట్టొచ్చిన ఆ ఆరుగురు ఆడపిల్లల్లో మా విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారని గుర్తు చేసినందుకు థ్యాంక్స్. కానీ అంతా అలలు, తుఫాన్లు, ధైర్యం గురించే రాశారు, లోపల వైర్ల గురించి ఒక్క ముక్క లేదు. నేను నేవీలో ఎలక్ట్రికల్ సైడు చేసి రిటైరైనవాడిని కాబట్టి నా గోల ఎప్పుడూ అదే, ఏమనుకోకండి.

పోయినేడాది మా బ్యాచ్‌మేట్ ఒకడు కొచ్చిలో 34 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు, వానలు తగ్గాక లక్షద్వీప్ దాకా వెళ్లాలని వాడి సరదా. అక్కడి రాజధాని కవరత్తి అంటే కొచ్చి నుంచి దాదాపు 400 కిలోమీటర్లు, మధ్యలో ఫోన్ సిగ్నల్ ఉండదు, పక్క ఓడలతో, ఒడ్డుతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు పనిచేయాల్సిందే. వీడి రేడియో ఏమో అందరి మాటలూ చక్కగా వినిపిస్తుంది, మనం మాట్లాడదామని బటన్ నొక్కితే మాత్రం స్క్రీన్ మసకబారి సెట్టు ఆఫై మళ్లీ ఆన్ అవుతుంది. అక్కడి మెకానిక్ చూసి సెట్టు పోయింది కొత్తది కొనమన్నాడట, వీడు డబ్బులు కూడా రెడీ చేసుకున్నాడు. ఆగరా బాబూ అని నేను వెళ్లాను.

మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.7 వోల్టులు, సెట్టు వెనకాల 12.6, అంతా బ్రహ్మాండం. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే ఊరికే వింటున్నప్పుడు సెట్టు తీసుకునే కరెంటు చాలా తక్కువ, దారిలో జాయింటు చెడినా వోల్టేజి పడినట్టు కనబడదు, 25 వాట్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ఐదారు ఆంపియర్లు లాగుతుంది. అందుకని వాణ్ణి బటన్ నొక్కి పట్టుకోమని మళ్లీ చూశా. బ్యాటరీ 12.5 దగ్గరే ఉంది, సెట్టు దగ్గర 9.8కి పడిపోయింది. అంటే 2.7 వోల్టులు దారిలో ఎక్కడో ఎవరో తినేస్తున్నారన్నమాట. నెగటివ్ వైరు ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే 0.2, పాజిటివ్ వైపు 2.5, దొంగ అటే ఉన్నాడు. ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి తడుముకుంటూ పోతే ఫ్యూజ్ పెట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఒకటి వెచ్చగా తగిలింది. విప్పితే లోపల పచ్చటి చిలుము, మన ఇళ్లల్లో పాత రాగి చెంబుకి పడుతుందే అదే. ఫ్యూజ్ మాత్రం బాగానే ఉంది పాపం. ఆ డబ్బీ పీకి కొత్తది వేసి, చిలుము పాకినంత మేరా వైరు కోసేసి, తగరం పూతున్న రాగి వైరుతో క్రింపు చేసి, అంటే కొసని లోహపు తొడుగులో పెట్టి గట్టిగా నొక్కి, పైన జిగురున్న స్లీవు వేడి చేసి బిగించా. ఇప్పుడా పాత సెట్టే మాట్లాడుతోంది.

రెండోది చెప్పుకుంటే నాకే సిగ్గు. ఆటోపైలట్ చూపించే దిక్కు దిక్సూచితో పోలిస్తే ఇరవై డిగ్రీలు తేడా. కనెక్టర్లన్నీ విప్పి తుడిచా, రెండు గంటలు చెమటోడ్చా, తేడా అలాగే ఉంది. చివరికి చూస్తే దాని దిక్కు పసిగట్టే సెన్సర్ బెర్త్ కింద అరలో ఉంది, ఆ బెర్త్ మీద నేను పెట్టుకున్నది నా ఇనప స్పానర్ల సంచీ, ఆ ఇనుమే సెన్సర్‌ని తప్పుదారి పట్టించింది! సంచీ తీసి అవతల పెట్టేసరికి తేడా పోయింది. మా వాడు ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు సంచీ ఎక్కడుందని అడుగుతాడు.

ఇక మన విశాఖ సంగతికి వస్తా, అసలు ఉత్తరం రాసింది ఇందుకే. 2024 ఆగస్టులో కేంద్రం లక్ష చేపల బోట్లకి ట్రాన్స్‌పాండర్లు, అంటే బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలిపే పెట్టెలు, పెట్టే స్కీం మొదలుపెట్టింది, మంచిదే, ప్రాణాలు నిలబెట్టే సామాను. కానీ ఏ సామానైనా చివరికి బోటులో ఉన్న వైరింగు మీదే కదా నడవాలి. హార్బర్లో నేను చూసిన బోట్లలో చాలావాటికి ఇంటికి వాడే మామూలు వైరే, జాయింట్లు చేత్తో మెలేసి టేపు చుట్టినవే. ఉప్పుగాలికి ఆ వైర్లో రాగి, పైన తొడుగు ఉన్నా లోపల నల్లబడిపోతుంది, పైకి ఏమీ తెలీదు. సెట్టు పనిచేయట్లేదని మూల పడేస్తారు, లేదా షాపువాడు కొత్తది అంటగడతాడు. దానికితోడు బజార్లో చవగ్గా దొరికే ఎల్‌ఈడీ లైట్లొకటి, కొన్నిటి వల్ల రేడియోలో ఒకటే బుస్సుమని రొద, వాటి రొదలో రేడియో మాట వినబడకుండా పోవచ్చని అమెరికా కోస్ట్ గార్డ్ 2018లోనే హెచ్చరించింది. చెక్ చేయడం ఈజీనే, రేడియోని ఎవరూ మాట్లాడని ఛానెల్లో పెట్టి స్క్వెల్చ్ నాబ్‌ని, అదే ఖాళీ రొదని అణిచే నాబ్‌ని, రొద అప్పుడే ఆగేంత వరకు తిప్పి వదిలేసి లైట్ వేయండి, రొద మళ్లీ మొదలైతే దొంగ ఆ లైటే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రంగులూ ఇంజన్ పనులూ అప్పుడే చేయించుకుంటారు. ఆ టైంలోనే హార్బర్లో కుర్రాళ్లకి ఓ రెండు మూడు రోజులు మీటరు పట్టడం, క్రింపు చేయడం నేర్పిస్తే పోయేదేముంది? మత్స్యశాఖ వాళ్లు తలుచుకుంటే అయ్యే పనే. మంచి మల్టీమీటరుకి అయ్యే ఖర్చు కొత్త రేడియో ధరలో ఏ మూలకి? నేర్పడానికి నేనూ వస్తాను, నాతో పనిచేసిన ఇంకో ఇద్దరు కూడా ఊళ్లోనే ఖాళీగా ఉన్నారు. మీరు జిల్లా పేజీలో ఈ ఉత్తరం వేస్తే అధికారుల కంట పడుతుందని ఆశ, నిషేధం మొదలయ్యే లోపు వేయండి సార్.

ఇట్లు,
ఓ రిటైర్డ్ నేవీ ఎలక్ట్రీషియన్,
విశాఖపట్నం