గోంగూర డబ్బా కింద పెట్టిన ఉత్తరం

రేపల్లె,
ఆదివారం

చి॥సౌ॥ సుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే "పేషెంటు ఉన్నారు నాన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ మూడు వారాలుగా రాలేదు. మన వీధి చివర సుబ్బారావు మనవడు పదో తారీఖున మీ అమెరికా వైపే వస్తున్నాడు. అమ్మ పచ్చళ్ళు కట్టి ఇస్తోంది. గోంగూర డబ్బా కింద ఈ కవరు పెడుతున్నాను, నూనె అంటకుండా రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టాను. గోంగూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది, అమ్మతో అనకు. మాగాయ కావాలనే తక్కువ పెట్టించాను. నీ బీపీ మాత్ర రాత్రి వేసుకుంటున్నావో పొద్దున వేసుకుంటున్నావో ఎప్పుడూ చెప్పవు. డాక్టరువి నీకు నేను చెప్పాలా అనుకో, కానీ డాక్టర్లంత చెడ్డ పేషెంట్లు ఉండరని డాక్టరుగారి దగ్గర నలభై మూడేళ్ళు పనిచేసి చూసినవాణ్ణి.

ఊళ్ళో విశేషాలేం లేవు. పెరట్లో సపోటా ఈసారి విరగ్గాసింది, గబ్బిలాలు సగం తింటున్నాయి. వెనకగది శ్లాబు కారుతోంది. మొన్న నిడుబ్రోలు అత్తయ్య వచ్చింది. కూర్చున్నంతసేపూ మోకాళ్ళ గురించి చెప్పి, పోతూ పోతూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "సుధ క్లినిక్ ఎత్తేస్తోందటగా అన్నయ్యా, మా బాబీ చెప్పాడు" అంది. అమ్మ లోపల కాఫీ గ్లాసులు తీస్తోంది, వినలేదు. నేను "ఏమో" అన్నాను. బాబీ మాటల సంగతి మనకు తెలియనిదా? నేను అడగడమూ లేదు. విన్నది చెప్పానంతే.

నీ క్లినిక్ అంటే గుర్తొచ్చింది. 2016లో అక్కడికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నీ గదిలో మూల కుర్చీలో కూర్చున్నాను. ఎవరో ముసలాయనకు నువ్వొక మాత్ర రాశావు. అది ఇవ్వాలంటే ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోవాలట. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నలభై నిమిషాలు పాట విన్నావు. ఆయన కోటు తొడుక్కుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చివరికి నువ్వు తెచ్చిన ఉప్మా డబ్బా నేను తిన్నాను, చల్లారిపోయి రాయిలా ఉంది. ఇంటికొచ్చాక మళ్ళీ రాత్రి పదకొండు దాకా కంప్యూటర్లో రాసుకుంటూ కూర్చున్నావు. 2024 ఫిబ్రవరిలో మీ బిల్లులు ఇన్సూరెన్సు వాళ్ళకు పంపే కంపెనీ కంప్యూటర్లు దొంగలు స్తంభింపజేసి డబ్బు రావడం ఆగినప్పుడు, నీ క్లినిక్‌లో పనిచేసే ఇద్దరమ్మాయిల జీతాలు మీ ఇంటి డబ్బులోంచి ఇచ్చావని అల్లుడుగారు చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదు. అక్కడ ముసలివాళ్ళ వైద్యానికి సర్కారు నడిపే మెడికేర్ ఇన్సూరెన్సు డాక్టర్లకిచ్చే రేటు 2025కి దాదాపు 3 శాతం తగ్గించారని కూడా ఆయనే అన్నారు. ఇక్కడ కందిపప్పు ధర ఎప్పుడైనా తగ్గిందా? అక్కడ అద్దె తగ్గిందా? మరి డాక్టరుకిచ్చేది తగ్గడమేమిటో!

మీ అమెరికా డాక్టర్ల సంఘం వాళ్ళ లెక్క చిన్నోడు ఫోన్లో చదివి వినిపించాడు. డాక్టర్లే సొంతంగా నడిపే ప్రాక్టీసుల్లో పనిచేసేవాళ్ళు 2012లో నూటికి 60 మంది. 2024కి 42. అంటే సొంత ప్రాక్టీసు వదిలినవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళు కాదు కదా. ఈ మాట ఊరికే రాశాను.

మన డాక్టరుగారి సంగతి ఒకటి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

ఆయన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1964లో ఇక్కడ బోర్డు పెట్టారు. నేను చేరింది 68లో. ఏటి అవతల దివిసీమ వాళ్ళు పడవెక్కి పెనుమూడి రేవులో దిగి వచ్చేవాళ్ళు. ఫీజు రెండు రూపాయలు, లేనివాళ్ళు కోతలయ్యాక అరబస్తా ధాన్యం. ఇప్పుడు మీ దగ్గర ఇన్సూరెన్సు జోలికి పోకుండా పేషెంటు దగ్గరే నెలకింతని తీసుకునే పద్ధతి వచ్చిందట కదా, అదేదో కొత్త సంగతిలా బాబీ చెబితే నవ్వొచ్చింది. నువ్వు స్టూలెక్కి మిక్స్చర్ సీసాలకు కాగితాలు అంటించేదానివి, గుర్తుందా? పొడుగు కాగితం మడతపెట్టి అంచు కత్తిరిస్తే ఆరు డోసులకు ఆరు నొక్కులు. నీవి ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వచ్చేవి. డాక్టరుగారు సీసా వెలుతురుకు పట్టుకుని చూసి, "ఈ పేషెంటుకి మూడో డోసు గట్టిగా పడుతుందోయ్" అనేవారు.

తర్వాత్తర్వాత రోజులు మారాయి. 1995లో సుప్రీంకోర్టు డాక్టర్లను కూడా వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. ఆ రోజు పేపరు మడిచి, "ఇంక చెయ్యి పట్టుకుని చూస్తే చాలదోయ్, కాగితం చూపించాలి" అన్నారు. అన్నట్టే పరీక్షలు రాయడం మొదలుపెట్టారు, రాసిన ప్రతిసారీ మొహం చిన్నబుచ్చుకునేవారు. ఏటి మీద వంతెన పడింది, అవతలి జనం బెజవాడ పోవడం మొదలుపెట్టారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మంచిదే, మన రాములు గుండె ఆపరేషన్ దాంతోనే అయింది. కానీ ఆ కార్డు పడకున్న ఆసుపత్రికే గాని, బల్ల మీద కూర్చోబెట్టి మందిచ్చే మనబోటివాళ్ళకు కాదు. డాక్టరమ్మగారు పోయాక ఆయనకు ఓపిక కూడా పోయింది.

2011 సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు కొడుకు కారు తెచ్చాడు. డాక్టరుగారు నన్ను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టి, "ఎవరైనా అడిగితే ఊళ్ళో లేనని చెప్పు. వారంలో వస్తానను" అన్నారు. రారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. స్టెతస్కోపు బల్ల మీదే వదిలేశారు.

తర్వాత నలభై రోజులు నేను పొద్దున్నే వెళ్ళి ఆ అరుగు మీద కూర్చున్నాను. జీతం లేదు, పనీ లేదు, మరెందుకని అమ్మ తిట్టేది. వచ్చినవాళ్ళకు వచ్చేవారమని చెప్పేవాణ్ణి. సగంమంది నా మొహం చూసే తెలుసుకుని వెళ్ళిపోయారు. రేవు దగ్గరి కోటమ్మ మాత్రం వెళ్ళేది కాదు. షుగరు మనిషి, కాలి మీద పుండు. రెండు రోజులకోసారి కట్టు మార్పించుకోవడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా చీరకొంగులో నాలుగు వంకాయలు. అవి డాక్టరుగారికని నా పక్కన పెట్టి, మధ్యాహ్నం దాకా కూర్చుని పోయేది. కట్టు నేనే మార్చేవాణ్ణి. వంకాయలు మనింటికే వచ్చేవి, నేను తినలేకపోయేవాణ్ణి. అయిదోసారి వచ్చినప్పుడు ఇక అబద్ధమాడలేక, "అవ్వా, ఆయన రారు. మానేశారు" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాలు చాపి కట్టు చూపించి, "మరి దీని సంగతి ఎవరికి చెప్పి ఎల్లాడు?" అంది.

నా దగ్గర జవాబు లేదమ్మా. మర్నాడు నేనే బస్సెక్కించి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ పాత కాగితాలడిగారు. ఎర్రఅట్ట పుస్తకంలో ఆవిడ పేజీ ఉంది, దాన్ని చించడానికి చేతులు రాక పుస్తకమే పట్టుకెళ్ళాను. మిగతా పుస్తకాలు మన అటక మీదే ఉన్నాయి. చెదలు పడతాయి పారెయ్యమని అమ్మ ఏటా అంటుంది.

డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. నేను ఆయన ఉప్పు తిన్నవాణ్ణి. డెబ్భై దాటినవాడు అలసిపోకూడదా? కానీ ఆ మాట తన నోటితో చెప్పి వెళ్ళుంటే బాగుండేది. ఎదురుగా చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది, అంతే.

అందుకని, ఒకవేళ, బాబీ మాట ఒకవేళ నిజమైతే అంటున్నాను, ముందుగానే అందరికీ ఉత్తరాలు పంపు. ఉత్తరాలు పంపడం అక్కడ పద్ధతేనట. అయినా ముసలివాళ్ళకు కాగితం చాలదు, కుర్చీ దగ్గరకు లాక్కుని నువ్వే చెప్పు. ఎవరి ఫైలు ఎవరికి వెళుతుందో రాసిపెట్టు. మూసేశాక కూడా పాత వైద్యం మీద ఎవరైనా కోర్టుకెక్కితే పనికొచ్చే ఇన్సూరెన్సు విడిగా కొనాలట, దాన్ని తోక అంటారట! ఏదైనా హాస్పిటల్లో ఉద్యోగానికి చేరితే ఆ తోక ఖర్చు వాళ్ళు పెట్టుకుంటారో లేదో సంతకానికి ముందే అడుగు. ఆ ఇద్దరమ్మాయిలకూ పని చూపించు. వెంటనే కొత్త ఉద్యోగంలో చేరకు, నెల రోజులు నిద్రపో. ఇంగ్లీషులో రాసిన ప్రతి కాగితం అల్లుడుగారికి చూపించు. లెక్చరు ఇవ్వననుకుంటూనే ఇచ్చేశాను, పెద్దతనం.

ఇంకోటి. మూసేస్తే నాన్న బాధపడతాడని దాస్తున్నావేమో. నువ్వు డాక్టరువైతే చాలనుకున్నాను గాని, బోర్డు మీద నీ పేరుండాలని నేనెప్పుడూ అడగలేదు. ఆ బోర్డు ఫోటో మాత్రం హాల్లోనే ఉంటుంది, తియ్యను.

గోంగూర డబ్బా మూత బిగుతుగా ఉంది, వేణ్ణీళ్ళలో తిప్పి తియ్యి, కత్తితో పొడవకు. చలికి సాక్సులు వేసుకో. ఆదివారం పొద్దున ఏడింటికి, మీకు శనివారం రాత్రి, నేను ఫోన్ దగ్గరే ఉంటాను. అమ్మ గుడికెళ్ళి ఎనిమిదిన్నరకు గాని రాదు.

ఆశీస్సులతో,
నాన్న