మంత్రి గారూ, వేట నిషేధం వచ్చేసరికి తాబేళ్ల సీజన్ అయిపోతోంది

అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర, కళింగపట్నం ఒడ్డున, ఫిబ్రవరిలో ఒక పొద్దున్న చచ్చిన తాబేలును చూశాను. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి, కుక్కలు పొట్ట చీల్చిన చోట తెల్లగా పింగ్‌పాంగ్ బంతుల్లా గుడ్లు. గుడ్లు పెట్టడానికి వస్తూ వస్తూ పోయిందన్నమాట. కాస్త అవతల ఇంకో తాబేలు రాత్రి వచ్చి వెళ్లిన జాడ, ఇసుకలో ట్రాక్టర్ టైరు అచ్చులా ఉంది.

తాబేలు చేప కాదు కదండీ, ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి. మర బోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కి గంటల తరబడి నీళ్లలోనే ఉండిపోతే ఇంకేముంది!

వేట నిషేధం ఉందిగా అంటారేమో. ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. కానీ అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టినది, ఈ ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లు మన ఒడ్డుకి ఎక్కువగా వచ్చేదేమో జనవరి నుంచి మార్చి మధ్య. పక్కనే ఒడిశాలో రుషికుల్య నది మొగ ముందు నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల వరకు ట్రాలింగ్ ఆపేస్తారు. మన వంశధార కూడా ఒడిశాలోనే పుట్టింది, మన దగ్గరికొచ్చేసరికి దానికి ఆ మాత్రం భాగ్యం లేకుండా పోయింది.

గుడ్లు పొదిగించే హేచరీల నుంచి పిల్లల్ని సముద్రంలోకి వదిలే ఫొటోలు బాగుంటాయి, నేనూ తీసుకున్నాను. ఆ పిల్ల గుడ్లు పెట్టే వయసుకి రావాలంటే పదేళ్లు పైనే పడుతుంది. ఈలోగా గుడ్లతో ఉన్న తల్లులే వలల్లో పోతుంటే ఎన్ని బుట్టల పిల్లల్ని వదిలి ఏం లాభం?

వలకి టెడ్, అంటే చిక్కిన తాబేలు బయటికి పోయేలా కంత ఉండే పరికరం, కట్టమంటే, ఆ కంతలోంచి తాబేలుతో పాటు చేప కూడా పోతుందని బోటు వాళ్ల భయం. అందులో అబద్ధమేమీ లేదు, కొంత పోతుంది. అందుకే ఆ నష్టం ఎంతో వాళ్లతో కూర్చుని లెక్కగట్టి ఇవ్వండి, జనవరి నుంచి మార్చి దాకా మొగ ముందు ట్రాలింగ్ ఆపినందుకు కూడా నిషేధ భృతి లాంటిదేదో ఇవ్వండి. నాటు పడవల వాళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, ఇది వాళ్ల వల్ల వచ్చిన గొడవ కాదు.

తాబేలు మీ శాఖది, బోటు మత్స్య శాఖది, మధ్యలో ఆ కళేబరం ఎవరి రిజిస్టర్లోకి ఎక్కుతుందో నాకైతే అర్థం కాలేదు. రెండు శాఖలూ కలిసి డిసెంబర్ లోపే జీవో ఇవ్వండి.