ఓపీ దగ్గర పేరు కాదు, టోకెన్ నంబర్ పిలవండి

సంపాదకులకు నమస్కారం.

నేను ట్రాన్స్ మహిళని. వరంగల్‌లో ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. ట్రాన్స్‌జెండర్లకు డిప్రెషన్ ఎక్కువని, చనిపోవాలన్న ఆలోచనలు వస్తాయని పేపర్లలో అప్పుడప్పుడు చదువుతుంటాను. నిజమే, వస్తాయి. కానీ అవి చదివినవాళ్లు మా పుట్టుకలోనే ఏదో జబ్బుందనుకుంటారు, నా బాధంతా అక్కడే.

పోయిన వానాకాలంలో నాకు మూడు వారాలు సరిగా నిద్ర పట్టలేదు. ఆస్పత్రికి వెళ్తే ఓపీలో ఆడవాళ్లకొక లైను, మగవాళ్లకొక లైను. ఆడవాళ్ల లైన్లో నిలబడితే నా వెనకున్నామె దూరం జరిగింది, కౌంటర్లో అబ్బాయేమో ఆధార్ చూసి నా పాత పేరు రాసేశాడు, నా పేరు ఇది కాదు బాబూ అంటే కార్డులో ఏదుంటే అదే అన్నాడు. గంట తర్వాత హాలంతా వినపడేలా ఆ మగ పేరే పిలిచారు. నేను చీరలో ఉన్నాను. లేవలేకపోయాను. మూడుసార్లు పిలిచి తర్వాతి పేరుకి వెళ్లిపోయారు, నేను చీటీ మడిచి పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మా టెన్షన్‌కి కారణం ఇదే. మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లతో పాటు మాకూ బస్సులో జీరో టికెట్ ఇస్తున్నారు, చాలా సంతోషం, అయినా కార్డు తీసి చూపించే ప్రతిసారీ కండక్టర్ ఏమంటాడో అని గుండె దడదడలాడుతుంది. ఇల్లు అద్దెకు అడిగేటప్పుడూ అంతే. రోజుకి పదిసార్లు ఇలా అయితే ఎవరికైనా నిద్ర పడుతుందా?

ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రోగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే తన జబ్బుల జాబితా మార్చింది. ఎవరి జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు వాళ్లదేనని మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు ఇచ్చింది. అవి ఆ ఓపీ కౌంటర్ దాకా రాలేదు.

హైదరాబాద్‌లో 2021లో మా కోసమే మిత్ర్ క్లినిక్ తెరిచారు, అందులో పనిచేసేవాళ్లలో మావాళ్లే ఎక్కువ. నేను రెండుసార్లు వెళ్లాను, నిన్నేమని పిలవాలమ్మా అని అడిగి మరీ రాసుకున్నారు. 2025లో అమెరికా నిధులు ఆగిపోయి అది మూతపడింది, తర్వాత సబ్‌రంగ్ క్లినిక్ అని పేరు మార్చి మళ్లీ తెరిచారు. కానీ అది హైదరాబాద్‌లో, ఇక్కడ మాకు సర్కారు దవాఖానే దిక్కు.

అందుకే అడుగుతున్నాను. పేరుకి బదులు టోకెన్ నంబర్ పిలవండి. చీటీ మీద "పిలిచే పేరు" అని ఒక గడి పెట్టండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కౌంటర్లో కూర్చునేవాళ్లకి పెద్ద డాక్టరు ఒక మాట చెబితే చాలు.

మావాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి ఇదీ రాస్తున్నాను. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఏ వేళకైనా ఉచితం. నేను అర్ధరాత్రి చేసి తెలుగులోనే మాట్లాడాను, కాస్త తేలికపడ్డాను. డాక్టరుకి చూపించుకోమన్నారు. వెళ్లాలి. ఆ హాల్లోకి అడుగుపెట్టాలంటే మాత్రం ఇంకా కాళ్లు రావడం లేదు.

ఒక పాఠకురాలు,
వరంగల్