స్టానేజ్ కొండ మీద మమ్మల్ని ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

ఏప్రిల్ రెండో శనివారం నాడు, ఇంగ్లాండులోని పీక్ డిస్ట్రిక్ట్‌లో హాథర్‌సేజ్ గ్రామం నుంచి నడక మొదలుపెట్టి, స్టానేజ్ ఎడ్జ్ అనే రాతి అంచు మీదుగా సాగి, హిగ్గర్ టోర్ గుట్ట దాటి, పొలాల గుండా మళ్లీ అదే గ్రామానికి చేరుకోవాలని బయలుదేరిన మాకు, ఆ రోజు దారి పొడవునా సాయపడిన అపరిచితులకు కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. వాళ్లలో ఒక్కరి పేరు కూడా అడగాలన్న ధ్యాస ఆ సమయంలో నాకు కలగలేదు. ఇంగ్లీషులో ఒక కాగితం రాసి ఆ ఊరి దుకాణంలో నోటీసులు అంటించే చోట పెట్టి వచ్చాను గానీ, “మనవాళ్లకు కూడా చెప్పాల్రా, రేపు ఇంకొకరు తల్లిదండ్రుల్ని తీసుకొని పోతారు కదా” అని మా నాన్నగారు పట్టుబట్టడం వల్ల తెలుగులోనూ రాయక తప్పలేదు.

మేము షెఫీల్డ్‌లో ఉంటాము. అనంతపురం జిల్లా నుంచి నాన్నగారు రెండు నెలల కోసం వచ్చారు. ఆయన వయసు 68 ఏళ్లు. వేరుశనగ పొలం, నలభై గొర్రెలు తప్ప వేరే లోకం ఎరుగని మనిషి. వచ్చినప్పటి నుంచి ఇంట్లో కూర్చోలేక కిటికీ దగ్గర నిలబడుతూ ఉంటే చూడలేక, మా ఆవిడకు ఆసుపత్రిలో డ్యూటీ ఉన్న ఆ శనివారం, తొమ్మిదేళ్ల మా అమ్మాయితో పాటు ఆయన్నూ ఈ నడకకు తీసుకెళ్లాను. షెఫీల్డ్ నుంచి రైలు మూడున్నర మైళ్ల టాట్లీ సొరంగం దాటి అవతలి లోయలోకి రాగానే ఆయన ముఖం విప్పారింది. రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా కట్టిన గోడలు కొండవాలంతా గళ్లు గళ్లుగా కనిపించాయి. “ఇదేదో మన కట్టమాదిరే ఉందే” అన్నారు.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. ఆయన కాళ్లకు తొడిగించినవి ఆరేళ్లుగా అటక మీద పడి ఉన్న నా పాత బూట్లు. చూడటానికి కొత్తవాటిలాగే ఉండటంతో, వాడకపోయినా అడుగు భాగంలోని మెత్తటి పదార్థం తేమకు లోలోపలే పొడిపొడిగా విరిగిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు. నార్త్ లీస్ అనే పాత రాతి భవనం పక్కగా ఎక్కి, చెట్ల మధ్య బండలు పరిచిన పాత దారిలో స్టానేజ్ అంచు మీదికి చేరేసరికి, ఆయన కుడి బూటు అడుగు ముందు నుంచి మడమ దాకా ఊడి, మొసలి నోరులా తెరుచుకుంది.

స్టానేజ్ దాదాపు మూడున్నర మైళ్ల పొడవున సాగే ఇసుకరాతి గోడ. బండలెక్కే ఆటగాళ్లకు బ్రిటన్‌లోకెల్లా పేరుమోసిన చోట్లలో అది ఒకటి. మేము కూలబడిన చోటికి పది అడుగుల దూరంలో, అప్పుడే కింద నుంచి పైకి ఎక్కివచ్చిన ఒక అమ్మాయి తాడు చుట్టుకుంటూ ఉంది. మా అవస్థ చూసి దగ్గరికి వచ్చి, గరుకు రాయికి వేళ్లు చీరుకుపోకుండా వాళ్లు చేతులకు చుట్టుకునే తెల్లటి టేపు తీసింది. నాన్నగారి పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకొని, బూటు కింద నుంచి నాలుగు చుట్లు, మడమ వెనక నుంచి రెండు చుట్లు బిగించి, మీద మరో వరస అడ్డంగా వేసింది. పరాయి ఆడపిల్ల చేత కాళ్లు పట్టించుకోవలసి వచ్చిందని ఆయన సిగ్గుతో ముడుచుకుపోయి, పని కాగానే లేచి చేతులు జోడించారు. ఆ అమ్మాయి కూడా సుద్దపొడితో తెల్లబడిన తన చేతులు జోడించింది. మిగిలిన టేపు చుట్ట సైతం నా సంచిలో పడేసి, మళ్లీ ఊడితే ఎలా చుట్టాలో రెండోసారి చెప్పి మరీ వెళ్లింది. ఆ కట్టు సాయంత్రం దాకా సడలలేదు. అమ్మా, నీ టేపుకు ఖరీదు కట్టే శక్తి నాకు లేదు.

అంచుకు ఎడమ పక్కన కనుచూపు మేర మూర్‌ల్యాండ్, అంటే హీదర్ పొదలు తప్ప చెట్టన్నది లేని ఎత్తయిన బీడు. ఆగస్టులో ఊదారంగు పూలతో నిండే ఆ పొదలు ఏప్రిల్‌లో మాత్రం ఎండిన చీపురు పుల్లల్లా ఉంటాయి. కింద నేల నల్లగా, కుళ్లిన వేళ్లతో స్పంజిలా ఉంటుంది. “ఇంత నేల బీడు పెట్టినారే” అని నాన్నగారు అడుగడుగునా నొచ్చుకున్నారు. అంచు కింద వాలులో, చెక్కడం పూర్తయినా ఎవరూ కొనుక్కుపోక వదిలేసిన తిరగలి రాళ్లు పడి ఉన్నాయి. ఒకనాడు ఈ రాయి తిరగళ్లకు ప్రసిద్ధి; గిరాకీ పడిపోయాక ఎక్కడివి అక్కడే మిగిలిపోయాయి. ఆ రాయి బొమ్మే ఇప్పుడు ఈ జాతీయ ఉద్యానవనానికి చిహ్నం.

అంతలో ఒక పక్షి అరిచింది. నాన్నగారు ఠక్కున ఆగిపోయి, “తీతువు” అన్నారు. నిజమే, అది మన తీతువుకు దగ్గరి చుట్టమైన లాప్‌వింగ్. అక్కడివాళ్లు దాని అరుపును బట్టే పీవిట్ అని కూడా పిలుస్తారు. మనూళ్లలో తీతువు కూస్తే అపశకునం అంటారు గనుక ఆయన వెనుదిరుగుదామన్నారు. పొదల్లో నుంచి రెడ్ గ్రౌస్ అనే మరో పిట్ట బుర్రున లేచి “గో బ్యాక్, గో బ్యాక్” అన్నట్టు అరవడంతో మా అమ్మాయి కూడా తాత పక్షం చేరింది. నేను నవ్వి నడిపించాను.

మరో అరగంటలో పొగమంచు దిగింది. అంచు దక్షిణపు కొసన 457 మీటర్ల ఎత్తున సర్వే వాళ్ల సిమెంటు స్తంభం ఉంది. దాన్ని దాటాక బాట అనుకొని గొర్రెల జాడ పట్టుకున్నాము. నా ఫోను చలికి ఉన్నట్టుండి ఆరిపోయింది. కాగితం మ్యాపు నా దగ్గర లేదు. పదడుగుల అవతల ఏముందో కనిపించని ఆ తెలుపులో, కొన్నిచోట్ల అరవై అడుగులకు పైగా నిట్టనిలువుగా ఉన్న ఆ అంచు మాకు కుడివైపున ఉందో ఎదురుగానే ఉందో తెలియక, అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకొని నిలబడిపోయాను. నాన్నగారు మాత్రం గొంతెత్తి, ఊళ్లో మందను పిలిచే కేక ఒకటి వేశారు. దానికి జవాబుగా ఈల వినిపించింది.

ఈల వేసినవారు డెబ్భై దాటిన భార్యాభర్తలు. పెద్దాయన మెడలో ప్లాస్టిక్ సంచిలో మ్యాపు వేలాడుతోంది. కిలోమీటరుకు 4 సెంటీమీటర్ల లెక్కన గీసిన మ్యాపు అది, అందులో ప్రతి గోడా, ప్రతి బాటా ఉన్నాయి. ఆయన దిక్సూచి దాని మీద పెట్టి, మేము ఎక్కడ దారి తప్పామో గడ్డిపరకతో చూపించారు. తమ దారి అటు కాకపోయినా అప్పర్ బర్బేజ్ వంతెన దాకా మాతో నడిచారు. ఈ బీళ్లన్నీ ఒకప్పుడు వేట కోసం కాపలా పెట్టిన సొంత భూములని, 1932 ఏప్రిల్ 24న ఇక్కడికి పడమర ఉన్న కిండర్ స్కౌట్ మీదికి వందల మంది కార్మికులు నిషేధాన్ని కాదని ఎక్కితే ఐదుగురిని జైల్లో పెట్టారని, 1951లో ఈ ప్రాంతం బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనం అయినా, బాట వదిలి బీడు మీద నడిచే హక్కు 2000 నాటి చట్టంతో గానీ రాలేదని దారిలో ఆమె చెప్పారు. నేను అనువదించి చెబితే, “నడవడానికి జైలుకు పోయినారా!” అని నాన్నగారు చాలాసేపు ఆ మాటే తలుచుకున్నారు. ఆపదలో ఈల ఎలా వేయాలో కూడా ఆమే మా అమ్మాయికి నేర్పారు: నిమిషానికి ఆరుసార్లు వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. ఆ ఈల ఆమె మెడలో నుంచి మా అమ్మాయి మెడలోకి మారింది. మా ఇంట్లో అందరి చెవులూ దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాయి.

హిగ్గర్ టోర్ దాటి దిగేసరికి మంచు విడిపోయింది. బీడు అయిపోయి పచ్చిక మొదలైంది. అక్కడ గోడకు అటూ ఇటూ రాతి మెట్లు ఉన్నాయి. మనుషులు దాటగలిగి, గొర్రెలు దాటలేని ఏర్పాటు. దాని మీద నుంచి దిగుతూ నాన్నగారు చీలమండ మెలిపెట్టుకున్నారు. టేపు కట్టిన కాలు కాదు, రెండోది. గ్రామం ఇంకా మైలున్నర ఉంది.

ఆ పొలం యజమానురాలు నాలుగు చక్రాల మోటారుబండి మీద గొర్రెల్ని చూసుకుంటూ అటు వచ్చింది. గొర్రెలు ఈనే కాలం అది; ఆమె కళ్లు చూస్తే వారం రోజులుగా నిద్ర లేదని తెలుస్తోంది. ఏమీ అడగకుండా, గడ్డి మోసే ట్రైలర్‌లో సంచులు పరిచి నాన్నగారిని కూర్చోబెట్టి, కొట్టం దాకా తీసుకెళ్లింది. గడ్డకట్టిన పచ్చిబటానీల సంచి తెచ్చి తువ్వాలులో చుట్టి కాలికి పెట్టింది, టీ ఇచ్చింది, మా అమ్మాయికి పాలసీసా ఇచ్చి తల్లిలేని గొర్రెపిల్ల ఒకదాన్ని అప్పగించింది. తల్లి మీద ఏ అంకె రంగుతో వేశారో పిల్లల మీదా అదే అంకె వేసి ఉంది, తప్పిపోతే జత కలపడానికి.

కొట్టం మూలన, 27 అంకె ఉన్న గొర్రె ఒకటి పిల్ల దగ్గరికి వస్తే తలతో కుమ్మి తోసేస్తోంది. నాన్నగారు కాలి సంగతి మరిచిపోయి చాలాసేపు దాన్నే చూసి, “అది తొలిచూలుది, దానికి ఇంకా తెలీదు. తల పట్టుకొని పిల్లకు పాలు కుడిపించమని చెప్పు” అన్నారు. చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయి, అవును, దానికి ఇదే మొదటి ఈత అంది. ఆయనే కుంటుతూ వెళ్లి, గొర్రె మెడను మోకాళ్ల మధ్య ఇరికించి, పొదుగు పిండి, ఆ జున్నుపాలు పిల్ల నోటికీ వీపుకీ రాశారు. ఆమె పిల్లను పట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ పావుగంట సేపు నా అనువాదం అక్కర్లేకుండానే మాట్లాడుకున్నారు. తల్లి చచ్చిన పిల్లకు, వేరే గొర్రెకు పుట్టి చచ్చిన పిల్ల తోలు తొడిగి ఆ గొర్రెకు అలవాటు చేస్తామని ఆమె సైగలతో చూపిస్తే, దూడ చచ్చిన బర్రెకు తోలులో గడ్డి కూరి చూపించే మన పద్ధతిని ఆయన అభినయించారు. పిల్ల తోక ఆడించడం మొదలుపెట్టాక గానీ ఇద్దరూ లేవలేదు.

ఆ తరువాత, అంత పని పెట్టుకొని కూడా, తన బురద కారులో మమ్మల్ని హాథర్‌సేజ్ స్టేషన్ దాకా దిగబెట్టింది. డబ్బు తీయబోతే తల అడ్డంగా ఊపింది. వెళ్లేవాళ్లకు చెప్పమని రెండే విషయాలు కోరింది: గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, గొర్రెలు ఈనే ఈ రోజుల్లో కుక్కకు తాడు తప్పనిసరి. నేల మీద గూళ్లు పెట్టే పక్షుల కోసం బీళ్లమీద కూడా మార్చి 1 నుంచి జూలై 31 దాకా అదే నియమం. మా దగ్గర కుక్క లేదు, గేట్లన్నీ మా అమ్మాయే వేసింది.

నాన్నగారిది బెణుకే, పది రోజుల్లో తగ్గింది. మరుసటి శనివారం నేనొక్కణ్నే కొత్త మ్యాపు కొనుక్కొని, ఒక డబ్బా సున్నుండలతో ఆ పొలానికి వెళ్లాను. 27 నంబరు గొర్రె పచ్చికలో నిలబడి ఉంది, పిల్ల దాని కింద మోకాళ్ల మీద వంగి పాలు తాగుతోంది. ఫోటో తీసి పంపితే, “పొదుగు రెండు పక్కలా తాగుతోందా చూడు” అని జవాబు వచ్చింది.

తిరిగి వస్తూ ఉంటే, మేము జారిపడిన మెట్ల పక్కన, గేటు కొయ్యకు నాన్నగారి మెరూన్ రంగు కుళ్లాయి తొడిగి ఉంది. ఎక్కడ పోయిందో ఆ రోజు మేమెవరమూ గమనించలేదు. ఎవరో దాన్ని బురదలో నుంచి తీసి, దులిపి, గాలికి ఎగిరిపోకుండా అంచును కొయ్య చుట్టూ నారతో కట్టి వెళ్లారు. వాళ్లకు కూడా మా నమస్కారాలు.